తీగలు చేరని చోటికి ఉపగ్రహం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉపగ్రహాల ద్వారా ఒక దేశంలో ఫోను, టెలివిజన్, ఇంటర్నెట్ సౌకర్యాలు ఎలా విస్తరిస్తాయన్న విషయంపై వచ్చిన ఉత్తరాల్లోంచి ఏడు ప్రశ్నలను ఈసారి ఎంచుకున్నాము. వీటిలో కొన్ని ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్లుగా ఉన్నందువల్ల జవాబులను వరుసగా చదివితే విషయం సులువుగా అందుతుంది.

ప్రశ్న: ఒక దేశం సొంత సమాచార ఉపగ్రహాన్ని ప్రయోగించినప్పుడల్లా, ఇక ఆ దేశంలోని మారుమూల ప్రాంతాలన్నిటికీ ఆధునిక సౌకర్యాలు అందినట్లేనని వార్తలు వస్తుంటాయి. ఉపగ్రహం పైకి చేరినంత మాత్రాన అది నిజంగా జరుగుతుందా?
(ఒక ఉపాధ్యాయిని)

జవాబు: జరగదు. అయితే ఉపగ్రహం తెచ్చే మార్పు కూడా చిన్నది కాదు కాబట్టి, ముందు దాని బలం ఎక్కడుందో చెప్పి, తరువాత లోటు సంగతికి వస్తాము.

భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం ఒక ప్రదక్షిణ పూర్తిచేయడానికి పట్టే కాలమూ, భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే కాలమూ సమానం కావడం వల్ల, కింది నుంచి చూసేవారికి అది ఆకాశంలో కదలకుండా నిలిచినట్లే ఉంటుంది. దీన్నే భూస్థిర కక్ష్య అంటారు. నేలమీది డిష్ యాంటెన్నాను ఒకసారి దాని వైపు తిప్పి బిగిస్తే మళ్లీ కదపవలసిన పని ఉండదు. భూగోళంలో మూడో వంతుకు పైగా భాగం అక్కడి నుంచి కనిపిస్తుంది. రెండు ఊళ్లను ఫైబర్ కేబుల్‌తో కలపాలంటే మధ్యనున్న ప్రతి కొండకూ, ప్రతి నదికీ, ప్రతి అడవికీ వేరుగా ఖర్చు పెట్టాలి. ఉపగ్రహానికి మాత్రం ఆ ఊళ్ల మధ్య యాభై కిలోమీటర్లున్నా అయిదు వేల కిలోమీటర్లున్నా ఒక్కటే. జనం పలుచగా, దూరదూరంగా నివసించే దేశాలు మొదటి నుంచీ ఉపగ్రహాల వైపు మొగ్గు చూపడానికి కారణం ఇదే.

భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహంతో దేశీయ సమాచార వ్యవస్థను ఏర్పాటు చేసుకున్న మొదటి దేశం కెనడా. 1972 నవంబరులో ప్రయోగించిన అనిక్ ఏ1 ఉపగ్రహం, మంచుతో నిండిన ఉత్తర ప్రాంతాలను దక్షిణాది నగరాలతో కలిపింది. ఆ తరువాత 1976 జులైలో ఇండొనేసియా పలాపా ఏ1ను ప్రయోగించింది. వేల దీవుల మీద పరచుకున్న ఆ దేశానికి, సముద్రం అడుగున దీవి దీవికీ తీగ వేసుకుంటూ పోయే ఆర్థిక శక్తి ఆనాడు లేదు. పద్నాలుగో శతాబ్దంలో మజపహిత్ రాజ్యపు మంత్రి గజ మద, దీవులన్నీ ఒక్కటయ్యేదాకా పలాపాను రుచి చూడనని ప్రతిజ్ఞ చేశాడంటారు. ఉపగ్రహానికి ఆ పేరే పెట్టారు. పేరులోని ఆశయం గొప్పదే అయినా, ఇండొనేసియా చేసిన తెలివైన పని మరొకటి ఉందని మా అభిప్రాయం. ఉపగ్రహంతో పాటే, దానితో సంకేతాలు ఇచ్చిపుచ్చుకునే 40 భూకేంద్రాలను కూడా నేలమీద నిర్మించుకుని, ప్రయోగం జరిగిన కొద్ది వారాలకే సేవలను ప్రారంభించగలిగింది. ఆకాశంలో పనీ నేలమీది పనీ జోడెడ్లలా సాగాయి.

లోటు సాధారణంగా ఈ నేలమీదే ఏర్పడుతుంది. ఉపగ్రహం ఒక అద్దంలాంటిది. కింది నుంచి వచ్చిన సంకేతాన్ని అందుకుని, దాని పౌనఃపున్యాన్ని మార్చి, బలం పెంచి తిరిగి కిందికి పంపడమే దానిలోని ట్రాన్స్‌పాండర్లు చేసే పని. కింద పంపేవారు, అందుకునేవారు సిద్ధంగా లేకపోతే ఆ అద్దం వృథా. ఒక మారుమూల గ్రామంలో సెల్ టవర్ వేసి, దాని పాదం దగ్గర డిష్ పెట్టి, ఆ టవర్‌ను ఉపగ్రహం ద్వారా మిగతా నెట్‌వర్క్‌తో కలిపారనుకుందాం. ఊరివారి చేతుల్లో ఉండేది మామూలు ఫోనే. తమ మాటలు అంతరిక్షానికి వెళ్లి వస్తున్న సంగతి వారికి తెలియనే తెలియకపోవచ్చు. కానీ ఆ టవర్ నడవాలంటే సౌరఫలకాలు, బ్యాటరీలు కావాలి. ఉప్పుగాలికి కేబుల్ కనెక్టర్ తుప్పు పడితే మార్చగల మనిషి దగ్గరలో ఉండాలి, మార్చవలసిన వస్తువు అందుబాటులో ఉండాలి, నెల నెలా కట్టే రుసుము ఆ ఊరి ఆదాయానికి మించకుండా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, పైనున్న ఉపగ్రహం ఎంత గొప్పదైనా ఆ ఊరికి అది లేనట్లే లెక్క.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అనిక్ ఉపగ్రహం కెనడా ఉత్తర ప్రాంతానికి టెలివిజన్‌ను చేర్చినప్పుడు, దాంతో వచ్చిన కార్యక్రమాలు దాదాపు అన్నీ దక్షిణాది నగరాలవారివి, వారి భాషల్లోనివి. ఉత్తరాది ఆదివాసులైన ఇనూయిట్ ప్రజల చిన్న జనావాసం ఇగ్లూలిక్, తమ ఇనుక్టిటూట్ భాషలో కార్యక్రమాలు లేని టెలివిజన్ తమకు అక్కర్లేదని ఓటు వేసి తిరస్కరించింది. ఒకసారి కాదు, రెండుసార్లు. అనిక్ బి ఉపగ్రహం ద్వారా ఇనూయిట్ ప్రజలు తామే కార్యక్రమాలు తయారుచేసి ప్రసారం చేసే ప్రయోగం జరిగి, 1980ల ఆరంభంలో వారికి సొంత ప్రసార సంస్థ ఏర్పడిన తరువాత గానీ ఆ ఊరు టెలివిజన్‌ను అంగీకరించలేదు. మారుమూల ప్రాంతం అనగానే ఏది ఇచ్చినా పుచ్చుకోవడానికి సిద్ధంగా ఉంటుందని అనుకునే ప్రణాళికాకర్తలందరూ ఇగ్లూలిక్ కథను తెలుసుకోవాలని మేము మనస్ఫూర్తిగా కోరుకుంటాము. అందుకునే హక్కుతో పాటు పంపే హక్కు కూడా ఉన్నప్పుడే ఆ సౌకర్యం ఆ ఊరిది అవుతుంది.

ప్రశ్న: గట్టి వాన కురిసినప్పుడు డిష్‌కు సిగ్నల్ ఎందుకు పోతుంది?
(ఒక విద్యార్థి)

జవాబు: పౌనఃపున్యం పెరిగే కొద్దీ వానచినుకులు రేడియో తరంగాల శక్తిని ఎక్కువగా పీల్చుకుని చెదరగొడతాయి. నాలుగు నుంచి ఆరు గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో పనిచేసే సి-బ్యాండ్‌కు వాన బెడద తక్కువ, కానీ దానికి పెద్ద డిష్ కావాలి. పన్నెండు, పద్నాలుగు గిగాహెర్ట్‌జ్‌ల దగ్గరుండే కేయూ బ్యాండ్‌కు ఇంటిమీద బిగించే చిన్న డిష్ సరిపోతుంది, కానీ జోరువానకు తట్టుకోలేదు. ఇరవై, ముప్పై గిగాహెర్ట్‌జ్‌ల కేఏ బ్యాండ్‌కు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. వర్షాలు విపరీతంగా కురిసే భూమధ్యరేఖా ప్రాంతపు దేశాలు చాలాకాలం సి-బ్యాండ్‌నే నమ్ముకోవడానికి ఇదొక ముఖ్య కారణం. డిష్‌కూ కంప్యూటర్‌కూ మధ్య సంకేతాలను మార్చే పరికరాలైన ఇప్పటి మోడెములు వాన పడుతున్నప్పుడు వేగాన్ని తగ్గించుకుని, లంకె తెగిపోకుండా కాపాడుకోగలుగుతున్నాయి.

ప్రశ్న: ఉపగ్రహం ద్వారా ఫోనులో మాట్లాడితే అవతలివారి జవాబు ఆలస్యంగా వినిపిస్తుందంటారు. కొత్తగా వస్తున్న వేలాది చిన్న ఉపగ్రహాలకు ఈ ఇబ్బంది ఉండదా?
(ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని)

జవాబు: రేడియో తరంగం కాంతి వేగంతో, అంటే సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. భూస్థిర ఉపగ్రహానికి వెళ్లి కిందికి రావడానికి కనీసం 71,572 కిలోమీటర్లు ప్రయాణించాలి కాబట్టి, మన మాట అవతలివారికి చేరడానికి దాదాపు పావు సెకను, వారి జవాబు మనకు చేరడానికి మరో పావు సెకను పడుతుంది. అర సెకను చిన్నదిగానే తోస్తుంది గానీ, సంభాషణలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడానికి అది చాలు. ఇంటర్నెట్‌లో ఈ ఆలస్యం మరో రూపంలో బాధిస్తుంది. పంపిన సమాచారం అందిందని అవతలి కంప్యూటర్ రసీదు పంపేదాకా వేగం పెంచకూడదన్న నియమం మీద ఇంటర్నెట్ రవాణా పద్ధతి ఆధారపడి ఉంది. ఆ రసీదు ఆలస్యమయ్యే కొద్దీ పేజీ నెమ్మదిగా తెరుచుకుంటుంది. దీనికి విరుగుడుగా మోడెమే ఇవతలి వైపు నుంచి రసీదు ఇచ్చే ఏర్పాటును ఇంజనీర్లు కనిపెట్టారు.

సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకైతే పైకీ కిందికీ పట్టే కాలం సెకనులో వెయ్యో వంతులు నాలుగైదుకు మించదు. మిగతా నెట్‌వర్క్‌లో పట్టే సమయాన్ని కలుపుకున్నా సంభాషణకు ఏ అడ్డూ ఉండదు. కానీ ఆ ఎత్తులో ఉపగ్రహం నిలిచి ఉండదు. కొద్ది నిమిషాల్లో ఆకాశాన్ని దాటి వెళ్లిపోతుంది. అది అస్తమించే లోపల మరొకటి ఉదయించాలి కాబట్టి వందల, వేల సంఖ్యలో ఉపగ్రహాలు కావాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో 66 ఉపగ్రహాలతో నడిచే ఇరిడియం వ్యవస్థ 1998లోనే సేవలు ప్రారంభించి, మరుసటి ఏడాదే దివాలా తీసి, తరువాత కొత్త యాజమాన్యం కింద కోలుకుంది. సాంకేతికంగా సాధ్యమైనది ఆర్థికంగా నిలదొక్కుకోవడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది.

ప్రశ్న: అంతగా ధనవంతం కాని ఒక చిన్న దేశానికి సొంత ఉపగ్రహం మేలా, ఇతరుల ఉపగ్రహంలో ట్రాన్స్‌పాండర్లను అద్దెకు తీసుకోవడం మేలా?
(ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

జవాబు: ఈ ప్రశ్న సొంత ఇల్లా, అద్దె ఇల్లా అన్నంత సులువుగా తేలేది కాదు. భూస్థిర ఉపగ్రహపు ఆయుష్షు సుమారు పదిహేనేళ్లు. కక్ష్యలో దాన్ని స్థిరంగా నిలిపి ఉంచే ఇంధనం అయిపోతే, పరికరాలన్నీ బాగున్నా దాన్ని పక్కకు తప్పించవలసిందే. అంటే సొంత ఇల్లు కట్టుకున్నా, పదిహేనేళ్లకోసారి పునాదుల నుంచి మళ్లీ కట్టుకోవలసి వస్తుంది.

సముద్రతీరం లేని, ఆండీస్ పర్వతాలు, అమెజాన్ అడవులు పంచుకున్న బొలీవియా 2013 డిసెంబరులో చైనా రాకెట్ మీద టుపాక్ కటారి ఉపగ్రహాన్ని ప్రయోగించింది. సుమారు 30 కోట్ల డాలర్ల వ్యయంలో ఎక్కువ భాగం చైనా బ్యాంకు ఇచ్చిన రుణమే. సముద్రగర్భ కేబుల్ తమ నేలను తాకే అవకాశమే లేని దేశం అలా ఆలోచించడంలో అర్థముంది. బంగ్లాదేశ్ 2018 మేలో ప్రయోగించిన బంగబంధు-1లో 40 ట్రాన్స్‌పాండర్లున్నాయి. ఆ ఉపగ్రహం నిలిచిన కక్ష్యాస్థానం మాత్రం ఆ దేశానిది కాదు, ఇంటర్‌స్పుత్నిక్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ సమాచార సంస్థ నుంచి అద్దెకు తీసుకున్నది. ఉపగ్రహం సొంతమైనా స్థలం అద్దెదే అన్నమాట.

నష్టభయం ఎంతటిదో నైజీరియా అనుభవం చెబుతుంది. 2007 మేలో ప్రయోగించిన నిగ్‌కామ్‌శాట్-1 సౌరఫలకాల వ్యవస్థలో లోపం వల్ల 2008 నవంబరులో, అంటే ఏడాదిన్నరకే మూగబోయింది. బీమా ఉన్నందువల్ల దాని స్థానంలో మరో ఉపగ్రహం 2011 డిసెంబరులో వెళ్లింది. బీమా డబ్బును తిరిగి ఇవ్వగలిగింది గానీ, మధ్యలో పోయిన మూడేళ్లను ఇవ్వలేకపోయింది.

ఇతరుల ఉపగ్రహం మీద ఆధారపడే పద్ధతికీ చేదు ఉదాహరణ ఉంది, అది మన దేశానిదే. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు అమెరికా నాసా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించిన కార్యక్రమాలను టెలివిజన్‌లో చూపించారు. ‘సైట్’ అని పిలిచిన ఆ ప్రయోగంలో కోళ్ల కంచెకు వాడే వల వంటి తీగజాలితో సుమారు మూడు మీటర్ల యాంటెన్నాలను తక్కువ ఖర్చుతో తయారుచేసి ఊళ్లలో నిలబెట్టారు. గడువు తీరగానే ఏటీఎస్-6 వెళ్లిపోయింది, ఆ ప్రసారాలు ఆగిపోయాయి. ఇన్శాట్-1బి 1983లో కక్ష్యకు చేరి సేవలు ప్రారంభించేదాకా మన దేశానికి స్థిరమైన దేశీయ ఉపగ్రహ వ్యవస్థ ఏర్పడలేదు. అయినా ఆ ఒక్క ఏడాదిలో యాంటెన్నాలు చేసినవారు, కార్యక్రమాలు రూపొందించినవారు, మరమ్మతు నేర్చుకున్నవారు ఇక్కడే మిగిలారు. తరువాతి వ్యవస్థకు వారే పునాది అయ్యారు.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, మొదట అద్దెకు తీసుకుని నేలమీది వ్యవస్థను కట్టుకోవాలి, వాడకం ఎంతో లెక్క తేల్చుకోవాలి, ఆ లెక్క ఒక ఉపగ్రహాన్ని నింపేటంతగా పెరిగిన తరువాతే సొంతదాని గురించి ఆలోచించాలి. ఈ వరుస తప్పి, ప్రతిష్ఠ కోసం ముందు ఉపగ్రహాన్ని ప్రయోగించిన చోట ట్రాన్స్‌పాండర్లు కొనేవారు లేక ఖాళీగా పడి ఉంటాయి, రుణ వాయిదాలు మాత్రం ఆగవు.

ప్రశ్న: ఆకాశంలో స్థలానికి అద్దె ఏమిటి? అంతరిక్షం ఎవరికీ సొంతం కాదు కదా?
(ఒక న్యాయశాస్త్ర విద్యార్థి)

జవాబు: ఎవరికీ సొంతం కాదు, కానీ వాడుకునే హక్కుకు ఒక వరుస ఉంది. ఒకే పౌనఃపున్యం మీద పనిచేసే రెండు భూస్థిర ఉపగ్రహాలు మరీ దగ్గరగా ఉంటే ఒకదాని సంకేతం మరొకదానికి అడ్డుతగులుతుంది. అందువల్ల ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దగ్గర ముందుగా నమోదు చేసుకుని, పొరుగు ఉపగ్రహాలవారితో సర్దుబాటు కుదుర్చుకోవాలి. నమోదు చేసిన ఏడేళ్ల లోపల వాడుకలోకి తేకపోతే ఆ హక్కు పోతుంది.

ముందు వచ్చినవారికే ముందు అన్న ఈ పద్ధతిలో, ఆలస్యంగా ఎదిగే దేశాలకు ఏమీ మిగలదన్న భయం ఎప్పటి నుంచో ఉంది. 1976 డిసెంబరులో కొలంబియా, ఈక్వడార్, కెన్యా, ఉగాండా, ఇండొనేసియా మొదలైన ఎనిమిది దేశాలు బొగోటా నగరంలో సమావేశమై, తమ భూభాగం మీదుగా ఉండే భూస్థిర కక్ష్య తమదేనని ప్రకటించాయి. ఇతర దేశాలు దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఆ ఆవేదనలో న్యాయం ఉంది. 1988లో ముగిసిన అంతర్జాతీయ సమావేశాల్లో, నిర్ణీత పౌనఃపున్యాల్లో ప్రతి దేశానికీ కనీసం ఒక కక్ష్యాస్థానం కేటాయించి ఉంచాలన్న ప్రణాళిక కుదిరింది. అదే కాలంలో టోంగా అనే చిన్న ద్వీపదేశం ఏకంగా పదహారు స్థానాలకు దరఖాస్తు చేసి, అభ్యంతరాలు రావడంతో సంఖ్య తగ్గించుకోవలసి వచ్చింది. ఆ స్థానాలను ఇతరులకు అద్దెకివ్వడమే దాని ఉద్దేశం.

ప్రశ్న: ఫైబర్, సముద్రగర్భ కేబుళ్లు అన్నిచోట్లకూ వస్తున్నాయి. ఇక ఉపగ్రహాల అవసరం తీరిపోయినట్లేనా?
(ఒక వ్యాపారి)

జవాబు: ఖండాల మధ్య సాగే సమాచారంలో అత్యధిక భాగాన్ని సముద్రగర్భ కేబుళ్లే మోస్తున్నాయి. సామర్థ్యంలో ఏ ఉపగ్రహమూ ఫైబర్‌కు సాటిరాదు. ఇండొనేసియా 2023 జూన్‌లో ప్రయోగించిన సత్రియా-1 ఉపగ్రహం మొత్తం సామర్థ్యం సెకనుకు 150 గిగాబిట్లు. ఒక్క ఫైబర్ జత అంతకంటే ఎన్నో రెట్లు మోయగలదు. అందువల్ల ఫైబర్ చేరగల చోట ఫైబరే వేయాలి. అండమాన్ దీవులు ఏళ్ల తరబడి ఉపగ్రహం మీదే ఆధారపడి, 2020 ఆగస్టులో చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైన తరువాత దాని వైపు మళ్లాయి. ఉపగ్రహం దారి చూపించి, కేబుల్ వచ్చాక పక్కకు జరగడంలో చిన్నతనమేమీ లేదు.

కానీ పక్కకు జరగడం వేరు, పూర్తిగా తప్పుకోవడం వేరు. ఇందాక చెప్పిన టోంగానే చూడండి. 2022 జనవరి 15న అక్కడ సముద్రంలో అగ్నిపర్వతం బద్దలై, ఫిజీతో ఆ దేశాన్ని కలిపే 827 కిలోమీటర్ల కేబుల్ తెగిపోయింది. అసలు ఎంతమంది బతికున్నారో బయటి ప్రపంచానికి తెలియని పరిస్థితి ఏర్పడింది. విదేశాల్లో ఉన్న టోంగా ప్రజలు తమవారి గొంతు వినడానికి రోజుల తరబడి ఎదురుచూశారు. ఉపగ్రహ లంకెల ద్వారానే మొదట కొద్దికొద్దిగా మాటలు కలిశాయి. ప్రధాన దీవికి కేబుల్ బాగుపడటానికి అయిదు వారాలు పట్టింది. దేశంలోని ఇతర దీవులను కలిపే కేబుల్‌కు ఏడాదికి పైగా పట్టగా, అంతకాలమూ అక్కడివారికి ఉపగ్రహమే దిక్కయింది. ఒక్క కేబుల్ మీద ఆధారపడిన ప్రతి దేశమూ, ఏ ప్రమాదమూ లేని రోజుల్లోనే ఉపగ్రహ సామర్థ్యాన్ని కొంత కొని, భూకేంద్రాన్ని పని చేసే స్థితిలో ఉంచుకోవాలి. తీగ తెగిన రోజున వెతుక్కుంటే దొరికేది కాదు.

ప్రశ్న: విదేశీ సంస్థల ఉపగ్రహాలు నేరుగా ఇంటి మీది డిష్‌కు, రేపు చేతిలోని ఫోనుకు ఇంటర్నెట్ ఇస్తే, ఒక దేశ ప్రభుత్వానికి చేయవలసిన పని ఏం మిగులుతుంది?
(ఒక ప్రభుత్వోద్యోగి)

జవాబు: పని తగ్గదు, మారుతుంది. విదేశీ ఉపగ్రహమైనా ఒక దేశపు నేలమీదకు సేవలు దింపాలంటే ఆ దేశం అనుమతి, ఆ దేశం కేటాయించే పౌనఃపున్యాలు కావాలి. ఆ అనుమతి ఇచ్చేటప్పుడే ప్రభుత్వం అడగవలసినవి అడగాలి. సమాచారాన్ని ఇంటర్నెట్‌తో కలిపే గేట్‌వే కేంద్రం దేశంలోనే ఉంటుందా, పాఠశాలలకూ ఆరోగ్య కేంద్రాలకూ ఏ ధరకు ఇస్తారు, విపత్తు సమయంలో ఎవరికి ప్రాధాన్యం, సంస్థ ఒక్కసారిగా సేవ ఆపేస్తే ప్రత్యామ్నాయం ఏమిటి అన్నవి ఒప్పందంలో రాసి ఉండాలి. ఈ చివరి ప్రశ్న ఊహాజనితం కాదు. 2022 ఫిబ్రవరి 24న ఐరోపాకు ఇంటర్నెట్ అందించే కేఏ-శాట్ ఉపగ్రహ వ్యవస్థపై జరిగిన సైబర్ దాడిలో ఉక్రెయిన్‌లోనూ, ఐరోపాలోని ఇతర దేశాల్లోనూ వేలాది మోడెములు పనికిరాకుండా పోయాయి. జర్మనీలో దాదాపు 5,800 గాలిమరలను దూరం నుంచి పర్యవేక్షించే లంకె తెగిపోయింది. ఆకాశంలో ఉపగ్రహం చెక్కుచెదరలేదు, దెబ్బ తగిలింది నేలమీదనే.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024 అంచనా ప్రకారం ప్రపంచంలో 260 కోట్ల మంది ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్నారు. వీరిలో చాలామంది సిగ్నల్ అందే చోటే ఉంటున్నారు. ఫోను కొనలేక, రుసుము కట్టలేక, తమ భాషలో పనికివచ్చేది కనబడక వాడటం లేదు. ఎన్ని ఉపగ్రహాలు ప్రయోగించినా వీరి ఇబ్బంది తీరదు. దాన్ని తీర్చవలసింది ప్రభుత్వాలే.

ఇక ఫోను విషయం. చేతిలోని ఫోను ప్రసారశక్తి చాలా తక్కువ, దానిలోని యాంటెన్నా చిన్నది. ఆ లోటును ఉపగ్రహమే పూడ్చాలి కాబట్టి పైన పెద్ద యాంటెన్నా కావాలి; 2022లో ప్రయోగించిన బ్లూవాకర్-3 ఉపగ్రహానికి 64 చదరపు మీటర్ల యాంటెన్నా అమర్చింది అందుకే. అదే ఏడాది నవంబరు నుంచి కొన్ని దేశాల్లో ఐఫోన్-14 ద్వారా, టవర్ సిగ్నల్ లేని చోట నుంచి కూడా ఉపగ్రహానికి అత్యవసర సందేశం పంపే వీలు ఏర్పడింది. ప్రస్తుతానికి ఈ మార్గం దారి తప్పినవారికీ, సముద్రంలో చిక్కుకున్నవారికీ ప్రాణాధారంగా నిలిచేటంత సన్నని దారం. ఊరంతా కలిసి వాడుకునే ఇంటర్నెట్‌కు మాత్రం ఇంకా డిష్, బ్యాటరీ, వాటిని చూసుకునే మనిషి కావలసిందే.